మూడో దర్వాజలో పదకొండోవాడు

ఏడు దర్వాజల గుట్టకు ఇప్పుడు సెలవు రోజుల్లో జనం బాగానే వస్తున్నారు. తాళ్లు కట్టుకొని బండలెక్కే పట్నం పిల్లలు, టిఫిన్ డబ్బాలతో వచ్చే కుటుంబాలు, ఫోటోల కోసమే వచ్చే కొత్త జంటలు. వాళ్లకు దారి చూపించే మనిషి పేరు టీక్యా. యాభై దాటినా ఆయన నడిస్తే వెనక వాళ్లు ఉరకాల్సిందే. మూడో దర్వాజ దగ్గర మాత్రం ఆగుతాడు. బండకు వీపు తగలకుండా, ఎప్పుడూ ఒకే చోట నిలబడి, "లెక్కవెట్టుండ్రి" అంటాడు. అక్కడే ఎందుకు నిలబడతావని ఎవరైనా అడిగితే "గిది నా జాగ" అని ఊరుకుంటాడు.

ఊరుకోవడం అన్నది ఆయన గుణం కాదని నాకు తెలుసు. స్టేషన్ ఘన్‌పూర్‌లో నేను సోషల్ పాఠాలు చెప్పే రోజుల్లో టీక్యా గోడల మీద రాసే పెయింటర్. మా బడి ప్రహరీకి సున్నం వేయించిన మర్నాడే దాని మీద పత్తి విత్తనాల ప్రకటన రాసి హెడ్‌మాస్టర్ చేత తిట్లు తిన్నాడు. తింటూ తింటూనే "సార్, గీ మూల జర ఖాళీగున్నది, 'ఇక్కడ చెత్త వేయరాదు' అని రాయాల్నా?" అని అడిగాడు. అలాంటి మనిషితో కలిసి నేను చేసిన తప్పు ఒకటుంది. ఆయన కథ చెప్పాలంటే నా తప్పు దాచి చెప్పడం కుదరదు. నా పేరు అరుంధతి. ఈ కథలో నేను గొప్పగా కనిపించను, ముందే చెబుతున్నాను.

టీక్యాది పాలకుర్తి అవతల ఒక తండా. భార్య గంగి మహబూబాబాద్ వైపు పిల్ల. అప్పుడు అంతా ఒక్క వరంగల్ జిల్లానే. ఇప్పటి లెక్కన చూస్తే పుట్టిందొక జిల్లా, అత్తగారిదొక జిల్లా, నిలబడిందొక జిల్లా. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ భాష. దానికి లిపి లేదు. అందుకే కాబోలు, ఎదుటివాళ్ల అక్షరాల మీద ఆయనకు అంత మోజు. "మా బాసకు అచ్చరాల్లేవు టీచరమ్మా, గందుకే మీ అచ్చరాలన్నీ నాయే" అనేవాడు. నిజంగానే ఆయన రాసిన 'ఱ' అంత అందమైన 'ఱ' నేను అచ్చులో కూడా చూడలేదు. అది ఎవరికీ అక్కర్లేని అక్షరమైనా సరే, అడిగితే చాలు రాసి చూపించేవాడు.

కాలు ఒకచోట నిలవని మనిషి. పొద్దున పాలకుర్తి, మధ్యాహ్నం జనగామ, సాయంత్రం ఏ రైల్వే గేటు పక్కనో. భుజాన నిచ్చెన, చేతిలో రెండు డబ్బాలు. అన్నం కూడా నిలబడే తినేవాడు. గంగి నాతో మొత్తుకునేది.

"కూసుంటె ఎవడన్న గోడ పట్టుకపోతడని భయం టీచర్ ఈయనకు. బువ్వ నోట్లె, కన్ను గోడ మీద."

గోడ పట్టుకోవడం అన్నది వాళ్ల పనిలో మాట. మంచి గోడ కనిపిస్తే, రాసే టైము లేకపోయినా, ఒక మూలన జాజుతో చిన్న గుర్తు వేసి పోతారు. జాజు అంటే తెలుసు కదా, మన ఇళ్ల అరుగులకు పూసే ఎర్రమట్టి. ఆ గుర్తు ఉన్న గోడను మరొకడు ముట్టుకోకూడదు. ఒక్కొక్కరిది ఒక్కో గుర్తు. టీక్యాది తేలు. పరకాల వైపు ఒక పెయింటర్ ఉండేవాడు, వాడిది చిన్న మనిషి బొమ్మ: ఒక నిలువు గీత, రెండు చేతులు, రెండు కాళ్లు. ఆ పరకాల వాడికీ మన వాడికీ పదేళ్ల పంచాయితీ. మంచి గోడ దొరికిందని టీక్యా ఉరికి పోయేసరికి మూలన ఆ ఎర్ర మనిషి నిలబడి ఉండేవాడు.

ఉద్యమం వచ్చాక ఆయనకు ఊపిరాడలేదు. కల్వర్టులు, నీళ్ల ట్యాంకులు, బావుల కాడి మోటారు గదులు, ఎక్కడ చూసినా 'జై తెలంగాణ'. ఎవరూ రాయమనలేదు. సున్నం ఆయనదే, చెయ్యి ఆయనదే. ఒక బర్రె మీద కూడా రాశాడని అంటారు గానీ అది రాజేందర్ పుట్టించిన మాట. రాజేందర్ మా ఊళ్లో ట్రాలీ ఆటో నడిపేవాడు. టీక్యాకు దోస్తు, టీక్యా మీద కథలు అల్లడం వాడికి ఇంకో ఉద్యోగం.

రెండు వేల పదకొండు, సకల జనుల సమ్మె. బడికి తాళం. బస్సులు డిపోల్లో. రోజూ పొద్దున్నే టెంటు కింద కూర్చునేవాళ్లం, పాటలు పాడేవాళ్లం, పేపరు చదివేవాళ్లం, "ఇయ్యాల్ల రేపు వస్తదట" అని ఒకరికొకరం చెప్పుకొనేవాళ్లం. ఆ 'ఇయ్యాల్ల రేపు' మమ్మల్ని ఎంత తిప్పలు పెట్టిందో చెప్పలేను. ఇంట్లో కూర్చుంటే టెంటు దగ్గర ఏమైందోనని, టెంటు కింద కూర్చుంటే ఢిల్లీలో ఏమైందోనని. పనిలేని చేతులతో ఎంతసేపని ఉంటాం? బతుకమ్మ ఇంకా రెండు రోజులుందనగా భూపాలపల్లికి పోదామన్నారు. బొగ్గు గనుల వాళ్లు కూడా సమ్మెలోనే ఉన్నారు, వాళ్ల టెంటులో ఒక పూట కూర్చొని వద్దామని. రాజేందర్ ట్రాలీలో ఏడుగురం ఎక్కాం. టీక్యా సున్నం డబ్బాలు, నిచ్చెనతో సహా ఎక్కాడు.

దారి పొడుగునా ఆగుడే. టీక్యా దిగడం, రాయడం, మళ్లీ ఎక్కడం. షాపులన్నీ బందు కాబట్టి రంగులు లేవు. ఉత్త సున్నం, అక్షరాలు రాయడానికి బట్టలకు వేసే నీలిమందు. సున్నంలో కలిపే బంక కూడా దొరకలేదు. "బంక లేని సున్నం రెండు వానలకు కడుక్కపోతది" అని ఆయనకు ఒకటే బాధ.

భూపాలపల్లిలో మధ్యాహ్నం దాకా ఉన్నాం. తిరుగు దారిలో, టేకుమట్ల పక్క అడవిలో ఏడు దర్వాజల గుట్ట ఉందని, చూసిపోదామని నేనే అన్నాను. తంగేడు పూసే రోజులు, బతుకమ్మకు నాలుగు కొమ్మలు తెచ్చుకోవచ్చన్నది నా ఆశ. ఇంటికి పోయి మాత్రం ఏం చేస్తామన్నది అందరి ఆలోచన.

ఆ గుట్టను అప్పటికి నేనూ చూడలేదు. దూరం నుంచి మామూలు గుట్టే. లోపలికి పోతే బండ నిలువునా పగిలి ఉంటుంది. రెండు పక్కలా తాటిచెట్లంత ఎత్తు ఎర్రటి గోడలు, మధ్యలో సందు. ఒక సందు దాటితే చిన్న మైదానం, మళ్లీ సందు. అలాంటివి ఏడు. వాటినే దర్వాజలంటారు. వాన వెలిసి వారం కాలేదు, కాళ్ల కింద ఇంకా నీళ్లు పారుతున్నాయి. పైన చూస్తే ఆకాశం ఒక చీర అంచంత కనబడుతోంది. మేము నోళ్లు తెరిచి చూస్తుంటే టీక్యా మాత్రం గోడలు తడుముతూ ముందుకు పోయాడు.

మూడో దర్వాజ ముందు ఒక పెద్ద బండ చూరులా ముందుకు వంగి ఉంటుంది. దాని కింద నున్నటి గోడ. ఎండ తగలదు, వాన పడదు. అక్కడి నుంచి టీక్యా కేక వినబడింది.

"చూసిన్రా? వీడు గీడికి గూడ వచ్చిండు!"

పోయి చూస్తే గోడ మీద జాజు రంగులో చిన్న చిన్న మనుషులు. నిలువు గీత, రెండు చేతులు, రెండు కాళ్లు. ఒక వరుసలో చేయి చేయి పట్టుకొని ఉన్నారు. టీక్యా వేలితో లెక్కపెట్టాడు.

"పదకొండు! ఒక్క గోడకు పదకొండు గుర్తులా? ఆశకు అంతుండాలె. అడవిల బండను గూడ పట్టుకుంటడా పరకాలోడు?"

నవ్వకండి. నేనూ నవ్వే హక్కు పోగొట్టుకున్నాను. ఆదిమానవుల గుహల్లో బొమ్మలుంటాయని పాఠం చెప్పి, ప్రశ్న ఇచ్చి, మార్కులు వేసిన దాన్ని. ఆ గోడ ముందు నిలబడి నాకు ఆ పాఠం గుర్తు రాలేదు. రాజేందర్ నిచ్చెన పట్టుకున్నాడు, నేను సున్నంలో నీళ్లు పోశాను. టీక్యా పదేళ్ల కోపమంతా చేతికి తెచ్చుకొని ఆ పదకొండు మంది మీద సున్నం కొట్టాడు. ఆరీ ఆరకముందే నీలి అక్షరాలు రాశాడు. మనిషెత్తు అక్షరాలు. నేను వెనక్కి నడిచి, చూసి, "టీక్యా, 'ణ' కాస్త కుడికి ఒరిగింది" అన్నాను. ఆయన సరిచేశాడు.

అప్పుడే మూడో దర్వాజలోంచి మేకలు రాసాగాయి. ఒకటి వెనక ఒకటి, అంతకన్నా చోటు లేదక్కడ. వాటి వెనక ఒక ముసలావిడ, కొమురమ్మ. గుట్ట కింది ఊరావిడ. చేతిలో కర్ర, నెత్తిన గొంగడి. వస్తూనే ఆవిడ కళ్లు గోడ వైపు పోయాయి. ఆగిపోయింది. మేకలు మాత్రం ఆగలేదు, మా మధ్య నుంచి సాగిపోయాయి. ఆవిడ వాటి వంకా గోడ వంకా మార్చి మార్చి చూసింది.

"ఏం రాసిన్రు బిడ్డా?"

"జై తెలంగాణ, అవ్వా" అన్నాడు టీక్యా, మెడ నిక్కించి.

"మంచిదే. రావాల్సిందే." కర్రతో గోడను చూపించింది. "మరి మా పదకొండు మంది యాడ పోయిన్రు?"

ఆవిడే చెప్పింది. ఆవిడకు అంకెలు రావు. సాయంత్రం మేకలు ఈ సందులోంచి ఒక్కొక్కటే వస్తాయి. ఒక్కో మేకకు గోడ మీద ఒక్కో మనిషిని చూసుకుంటుంది. పదకొండో మనిషి అయిపోతే ఒక వరుస, మళ్లీ మొదటి నుంచి. మొత్తం మూడు వరుసల మేకలు. వాళ్లమ్మ అట్లా లెక్కపెట్టింది, వాళ్లమ్మమ్మ కూడా అట్లే.

"రాళ్లు పెట్టుకో అవ్వా, గులకరాళ్లు" అన్నాడు రాజేందర్.

"రాళ్లు పోతయ్ కొడుకా. వీళ్లు యాడికి పోరనుకున్న."

నాకు అప్పుడు గుర్తొచ్చింది పాఠం. అవి ఎప్పటి బొమ్మలో టీక్యాకు చెప్పాను. వేల ఏళ్లు అన్నాను. ఆయన మొహం తెల్లబోయింది. తడిగుడ్డ తీసుకొని గోడ మీదికి పోబోతే రాజేందర్ చెయ్యి పట్టుకున్నాడు.

"పిచ్చి లేసిందా? జై తెలంగాణ తుడుస్తవా? సమ్మె నడుస్తుంటే?"

రాజేందర్ భయం వట్టిది కాదు. భూపాలపల్లి నుంచి మా వెనకే వచ్చిన కుర్రాళ్లు నలుగురైదుగురు అప్పటికే ఆ అక్షరాల ముందు నిలబడి సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు, నినాదాలిస్తున్నారు. ఆ రోజుల్లో ఆ రెండు మాటల మీద గుడ్డ వేసిన వాడిని ద్రోహి అని పిలిచేవారని నాకు తెలుసు. టీక్యాకు ఇంకా బాగా తెలుసు. ఆ పిలుపు ఆయనే నలుగురిని పిలిచాడు. గుడ్డ కింద పడేశాడు.

"రాష్ట్రం వచ్చిన్నాడు వచ్చి తుడుస్త అవ్వా. ఒట్టు."

"ఎన్నడొస్తది?"

"ఇయ్యాల్ల రేపు" అన్నాడు టీక్యా.

సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు. బస్సులు తిరిగాయి, నేను బడికి పోయాను. టీక్యా మాత్రం తిరిగి పనిలో పడలేకపోయాడు. పడలేదని కాదు, పడ్డా కుదరలేదు. 'నాణ్యమైన' అని రాయాల్సిన చోట ఒక అక్షరం మింగాడు. సిమెంటు బస్తా బొమ్మకు కాళ్లు చేతులు వేసి కంపెనీ వాళ్లతో తిట్లు తిన్నాడు. జాజు ముట్టుకోవడం మానేశాడు, గోడలు పట్టుకోవడం మానేశాడు. ఇదే అదునుగా పరకాల పెయింటర్ జనగామ దాకా వచ్చాడు.

నెలకోసారి ఏదో ఒక వంకతో గుట్టకు పోయి వచ్చేవాడు. పోయి వచ్చినప్పుడల్లా ఇంకింత పరేషాన్. పైన చూరు బండ ఉంది కాబట్టి అక్కడ వాన పడదు. బంక లేని సున్నమైనా చెక్కు చెదరలేదు. కడుక్కుపోతుందని బాధపడిన మనిషే ఇప్పుడు కడుక్కుపోవడం లేదని ఏడ్చాడు. కొమురమ్మ కొంగుకు గులకరాళ్లు కట్టుకొని లెక్కపెడుతోంది. ఒకనాడు రెండు రాళ్లు జారిపోయాయి. రెండు మేకలు లోపలే ఉండిపోయాయని తెలియక ఇంటికి పోయింది. మర్నాడు ఒకటి దొరికింది. రెండోదాని కొమ్ములే దొరికాయి. ఈ మాట చెప్పేటప్పుడు టీక్యా మా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. కూర్చోమని మూడుసార్లు అన్నాను.

"కూసుంటె ఆ కొమ్ములు కనబడుతున్నయ్ టీచరమ్మా" అన్నాడు.

ఆ తరువాతి ఎండాకాలం జరిగింది నాకు గంగి చెప్పింది, అదీ రెండేళ్ల తరువాత. ఇనుప బ్రష్షు సంచిలో వేసుకొని ఒక్కడే పోయాడట. ఎవరూ లేని వేళ చూసి, గోడ కుడి చివరన గీకడం మొదలుపెట్టాడట. సున్నం పెళ్లలుగా రాలింది. సంబరంగా ఇంకా గట్టిగా గీకాడు. ఆగి చూస్తే బ్రష్షు పళ్లకు ఎర్రటి పొడి. గోడ మీద ఉత్త బండ. వరుసలో చివరివాడు, పదకొండోవాడు, బ్రష్షుకు అంటుకొని వచ్చేశాడు.

"ఇంటికొచ్చి ఆ బ్రష్షు కడగలే టీచర్, పారెయ్యలే. గుడ్డల చుట్టి పెట్టెల పెట్టిండు" అని చెప్పింది గంగి. "మనిషి పోయినట్టే ఏడ్చిండు."

రెండు వేల పద్నాలుగు, జూన్ రెండో తారీఖు. తెల్లవారేసరికి ఊరంతా బయటే ఉంది. డప్పులు, రంగులు, మిఠాయిలు, తెలిసిన వాళ్లనీ తెలియని వాళ్లనీ కౌగిలించుకోవడం. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే. ఆ సందట్లో మా గేటు ముందు రాజేందర్ ట్రాలీ ఆగింది. వెనక టీక్యా, నాలుగు నీళ్ల డబ్బాలు, గంగి పాత నూలు చీరలు మూట కట్టినవి.

"'ణ' సరిచేపిచ్చినవ్ గద టీచరమ్మా. తుడుద్దువు రా."

"నేను డ్రైవింగే, తుడువుడు నాతోని కాదు" అన్నాడు రాజేందర్. అని, దారిలో తనే అన్నాడు, "వచ్చింది గద అన్నా. ఇంక తుడిస్తే ఎవడేమంటడు?"

మూడు రోజులు పట్టింది. పక్కనున్న కొమురమ్మ ఊళ్లోనే పడుకునేవాళ్లం. ఆవిడ మాకు జొన్నరొట్టె పెట్టింది గానీ గోడ సంగతి ఎత్తలేదు. టీక్యా మమ్మల్ని రుద్దనివ్వలేదు. నూలు గుడ్డ తడిపి, గోడకు అద్ది, సున్నం నానేదాకా పట్టుకోవాలి. తరువాత మెల్లగా అద్ది తీయాలి. జానెడు చోటుకు ఒక గంట. పట్నం రోడ్ల మీద పది నిమిషాల్లో పది అక్షరాలు రాసే మనిషి, ఒక అక్షరం చెరపడానికి మధ్యాహ్నం దాకా తీసుకున్నాడు. మధ్య మధ్య లేచి పోయి నాలుగో దర్వాజ దాకా ఒక్క ఉరుకు ఉరికి వచ్చేవాడు. లేకపోతే చేతులు ఆగడం లేదనేవాడు.

'జై' కింద నుంచి మొదటి ముగ్గురు బయటికి వచ్చారు. 'తెలంగా' కింద నలుగురు. మూడో రోజు, నేను సరిచేయించిన 'ణ' కింద నుంచి చివరి ముగ్గురు. రంగు కాస్త మాసింది. కానీ ఉన్నారు, చేయి చేయి పట్టుకొని. రాజేందర్ కూడా గుడ్డ పట్టుకొని ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. పదో మనిషి కుడి చెయ్యి పక్కకు చాచి ఉంది. ఆ చేతికి పట్టుకోవడానికి ఏమీ లేదు. అక్కడ గీతలు పడ్డ బండ.

టీక్యా సంచిలోంచి కొబ్బరి చిప్ప తీశాడు. అందులో జాజు ముద్ద. మూడేళ్లుగా ముట్టుకోని జాజు. నీళ్లు చల్లి కలిపి, సన్న కుంచె ముంచి, గోడ ముందు నిలబడ్డాడు. ఆ చేతికి అది ఎంత పని? ఒక నిలువు గీత, రెండు చేతులు, రెండు కాళ్లు. రంగు కూడా సరిగ్గా అదే రంగు.

"వేసెయ్ టీక్యా" అన్నాను నేను. "అవ్వ కోసమే కదా. ఎవరికి తెలుస్తుంది?"

రెండోసారి కూడా నేనే. మొదటిసారి తెలియక అన్నాను, ఈసారి తెలిసే అన్నాను.

కుంచె గోడకు వేలెడు దూరంలో ఆగింది. తరువాత కుంచె దించాడు.

"నా చేతిగీత నాకు తెల్వదా టీచరమ్మా? నేనేసినోడు పరకాలోని గుర్తు లెక్కనే ఉంటడు" అని చిప్పను ఇసుకలో బోర్లించాడు.

మేకల మెడల్లో గంటలు వినబడ్డాయి. కొమురమ్మ ఈసారి మేకల వెనక కాదు, ముందు వచ్చింది. సందు బయట నిలబడి, కర్ర అడ్డంగా పెట్టి మేకలను ఆపింది. గోడ చూసింది. ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కొక్కరినే చూసింది. పెదవులు కదులుతున్నాయి.

టీక్యా ఆవిడ ముందుకు పోయి నిలబడ్డాడు. అవ్వా అనబోయి, ఏమైందో ఏమో, తన భాష వచ్చింది నోటికి.

"యాడీ," అన్నాడు. వాళ్లలో అమ్మను అలా పిలుస్తారు. "పదకొండోడు లేడు. నేనే చెరిపిన. ఇనుప బ్రష్షుతోని గీకిన."

"నాకెరుకే." కొమురమ్మ గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "రెండేండ్ల కిందనే చూసిన, ఆ మూల ఉత్త బండ ఉన్నది. నువ్వు చెప్తవా చెప్పవా అని చూస్తున్న."

టీక్యా ఇసుకలో బోర్లించిన చిప్ప వైపు చూశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"పది మందితోని లెక్క ఎట్ల కుదురుతది? నాకు పదకొండు అలవాటు" అంది కొమురమ్మ. కర్రతో గోడ చివర, ఆ గీతలు పడ్డ చోటు చూపించింది. "పో. నువ్వు నిలవడు ఆడ."

టీక్యా అర్థం కానట్టు చూశాడు.

"నిలవడు అంటున్న. బొమ్మను చెరిపినోనివి నిలవడెందుకు చాతగాదు?"

పోయి నిలబడ్డాడు. పదోవాడు చాచిన చేతి పక్కన, బండకు తగలకుండా. ఆవిడ కర్ర తీసింది. మేకలు ఒక్కొక్కటే రాసాగాయి. ఆవిడ కళ్లు గోడ మీద ఒక్కొక్క మనిషి దగ్గరా ఆగుతున్నాయి. పదోవాడు అయిపోయాక చెయ్యి చాచి టీక్యా రొమ్ము మీద తట్టింది. ఒక వరుస. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ తట్టింది. రెండో వరుస. మూడో వరుసలో పదోవాడి వంతు మేక వచ్చింది. ఆవిడ చెయ్యి టీక్యా రొమ్ము మీద పెట్టి చూసింది. సందులోంచి ఏమీ రాలేదు.

"ఒకటి రాలే" అంది.

టీక్యా అప్పటికే మేక కోసం లోపలికి ఉరకబోయాడు. ఆవిడ కర్ర అడ్డం పెట్టింది.

"నువ్వు యాడికి? నువ్వు పోతే లెక్క పోతది. కదలకు." మా వైపు తిరిగింది. "టీచరమ్మా, నువ్వు పో. ఓ పిలగా, నువ్వు గూడ పో."

యాభై ఏళ్లకు దగ్గరపడ్డ నేను, బండలు పట్టుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని, నాలుగో దర్వాజ, ఐదో దర్వాజ దాటాను. వెనక రాజేందర్ "మే... మే..." అని అరుస్తూ వస్తున్నాడు. ఆరో దర్వాజలో రెండు బండల మధ్య కాలు ఇరుక్కొని ఒక పిల్లమేక నిలబడి ఉంది. ఎంతసేపు అరిచిందో, గొంతు పోయింది. రాజేందర్ బండను కొంచెం నెట్టాడు, నేను కాలు బయటికి లాగాను. చంకన పెట్టుకొని తీసుకొచ్చాను. నా చీర మేకకంపు కొట్టింది.

మేము తిరిగి వచ్చేసరికి చీర అంచంత ఆకాశం ఎర్రబడింది. కొమురమ్మ బండ మీద కూర్చొని ఉంది. మిగతా మేకలు మైదానంలో గడ్డి కొరుకుతున్నాయి. టీక్యా ఎక్కడ వదిలి పోయామో అక్కడే, చేతులు కిందికి వేలాడేసి, నిలబడి ఉన్నాడు.

నేను పిల్లమేకను సందు దగ్గర కింద దించాను. అది కుంటుతూ ఆయన ముందు నుంచి పోయింది. కొమురమ్మ లేచి వచ్చి టీక్యా రొమ్ము మీద తట్టింది.

"ఇగ పోదాం పా" అంది.

టీక్యా వెంటనే కదలలేదు.